దేవుడి పిడికెడు పిండి

నేలలోంచి గోధుమను మొలిపించి, దాన్ని పిండి చేసి రొట్టె చేసే చేతుల్ని కూడా తానే చేసి, ఆ చేతులు అలిసిపోయిన రోజున వాటిని మళ్ళీ తన దగ్గరికి తీసుకునే తండ్రికి స్తోత్రం. ఆయన ఇచ్చినప్పుడు స్తుతించడం నాకు చిన్నప్పుడే నేర్పారు. తీసుకున్నప్పుడు స్తుతించడం ఈ వయసులో కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. ఈ అధ్యాయం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ ముందు మోకాళ్ళూనాను. లేచాక కూడా మనసు తేలికపడలేదు. అయినా ఆయన నామానికే మహిమ.

మా చెల్లెలు కరుణ ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో ఉండేది. నేను అదే దేశంలో ములింగార్‌లో ఉంటాను. ఇద్దరం ఒకరి తరవాత ఒకరం ఈ దేశం వచ్చి, నేను నర్సుగా, తను ముసలివాళ్ళ హోమ్‌లో కేరర్‌గా పనిచేసుకుంటూ జుట్టు నెరిసేదాకా ఇక్కడే ఉండిపోయాం. నేను రిటైరైన ఏడాదే తనకు ఆహారం దిగే గొట్టంలో కాన్సర్ అని తేలింది. పోయిన వేసవికల్లా నోటితో ఏమీ మింగలేని స్థితి. పొట్టకు ట్యూబు వేసి, అందులోంచి పాలలాంటి ద్రవం ఎక్కించేవారు. అలాంటి ట్యూబులు నా చేతులతో ఎంతమందికి చూసుకున్నానో. ఆ దారి చివర ఏముంటుందో నాకు తెలుసు. తెలిసినదాన్ని పక్కన పెట్టి ప్రార్థన చెయ్యడం మాబోటి వాళ్ళకు అలవాటు. ఆ రోజుల్లో ఒక ఉదయం ఫోన్ చేసింది.

"అక్కా, బంగళా బిస్కెట్లు చేసిపెడతావా?"

"ఎవరికి?"

"నాకే. తినన్లే, కంగారుపడకు. వాసన చూస్తా."

బంగళా బిస్కెట్లంటే టీలో ముంచుకునేవి కాదు. ఈ దేశంలో ప్రతి బేకరీలో దొరికే స్కోన్ లాంటివే, కానీ తీపి ఉండదు. పొరలు పొరలుగా పొంగిన మెత్తని గుండ్రటి రొట్టె. దాన్ని వేడివేడిగా రెండుగా విప్పి, మధ్యలో వేయించిన కోడి ముక్క పెట్టి, పైన పాలతో, మిరియాలతో కాచిన చిక్కటి తెల్ల గ్రేవీ పోస్తారు. అమ్మ ఆ గ్రేవీని తెల్ల పులుసు అనేది. మా ఊరి మిషన్ కాంపౌండులో ఉండే దొరసానిగారు అమెరికాలో దక్షిణపు వైపు పల్లెలో పుట్టినావిడ. ఆవిడ బంగళాలో మా అమ్మ శాంతమ్మ వంటమనిషి. నాన్న పోయాక సంఘం వాళ్ళు ఇప్పించిన పని అది. వంటింటి వెనక రెండు గదుల్లో మేం ముగ్గురం ఉండేవాళ్ళం.

ఆ వంటిల్లు బంగళాకు దూరంగా ఉండేది, రెంటికీ మధ్య రేకుల చూరు వేసిన దారి. శనివారం వస్తే తెల్లారేసరికి అక్కడ మూడు వాసనలు. పుల్లటి మజ్జిగ వాసన, కాగుతున్న నూనె వాసన, కిరోసిన్ స్టవ్వు మీద ఎక్కించిన రేకు ఓవెన్‌లోంచి కాలుతున్న పిండి వాసన. ముదురు కోడి అయితే వేయిస్తే తోలులా సాగుతుందని అమ్మ లేత కోళ్ళనే ఏరి కొనేది. ముక్కల్ని ముందు రోజే ఉప్పు, మిరియాలు వేసిన మజ్జిగలో నానబెట్టేది. వెన్నను తడి ఇసుకలో పాతిన కుండలో దాచేది, ఎందుకంటే బిస్కెట్ల పిండిలో వెన్న కరక్కూడదు. గట్టి వెన్న ముక్కల్ని మైదాలో వేళ్ళ కొసలతో నలిపి, మజ్జిగ పోసి, కలిసీ కలవనట్టు కలిపి, మడత మీద మడత వేసి, గాజు గ్లాసుతో గుండ్రంగా కోసేది. చపాతీ పిండి మర్దించడానికి అలవాటుపడ్డ చేతులకు ఊరుకోవడమే కష్టం. దొరసానిగారు తెలుగు నేర్చుకున్నది బైబిల్లోంచి. అందుకని ఆవిడ మాటలన్నీ పాత పుస్తకంలా ఉండేవి. గుమ్మంలో నిలబడి, "శాంతమ్మా, పిండిని అధికముగా పిసుకవద్దు. అది కఠినమగును" అనేది. ఆవిడ అటు వెళ్ళగానే కరుణ చీపురు పట్టుకుని, అదే గొంతుతో, "అక్కా, నన్ను అధికముగా గిల్లవద్దు. నేను ఏడ్చెదను" అనేది. అమ్మ పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

బల్ల మీద పెట్టాక దొరసానిగారు చిన్న ఇత్తడి గంట కొట్టేది. దొరగారు, ఆవిడ తిన్నాక ఇనప మూకుడు మాకు వచ్చేది. దాని అడుగున అంటుకున్న తెల్ల పులుసు, నల్లగా వేగిన పిండి పలుకులు, ఓవెన్ మూలలో వంకరగా కాలిన ఒకటో రెండో బిస్కెట్లు. వాటిని తుంచి మూకుడును తుడుచుకుని తినేవాళ్ళం. ఇప్పుడు నా వంటింట్లో మూడు రకాల మైదా, రెండు రకాల మజ్జిగ డబ్బాలు, పచ్చిక మేసిన ఆవుల వెన్న ఉన్నాయి. ఆ మూకుడు రుచి మాత్రం ఎన్నిసార్లు చేసినా రాలేదు. ఆకలి ఉండేది అప్పుడు, ఇప్పుడది లేదు, అంతేనేమో.

అమ్మ పద్ధతి ఒకటి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా సంఘంలో ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేసేవారు. ఆదివారం ఆ బియ్యం గుడిలో గంపలో పోసేవారు. దానితో రోగులకు, దిక్కులేనివాళ్ళకు వండిపెట్టేవారు. అమ్మ ఇంట్లో బియ్యం తీసినట్టే బంగళాలో మైదా కూడా తీసేది. డబ్బా మూత తీసి, ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, పిడికెడు పిండి తీసి కట్టెల వెనక దాచిన స్టీలు గ్లాసులో పోసేది. పిండి ఎవరిదన్న ఆలోచన ఆమెకు రాలేదనే అప్పట్లో అనుకున్నాను. పొయ్యి మీదికి ఏది ఎక్కినా ముందు దేవుడి వంతు తీయాలి, అంతే. "ఎవరికీ చెప్పకండే. చెప్తే ఇచ్చినట్టు కాదు" అనేది మాతో. చేసే దానం రహస్యంగా ఉండాలని ప్రభువు నేర్పిన మాటను ఆమె అక్షరాలా పట్టుకుంది.

ఆ ఏడు సండే స్కూల్లో పది ఆజ్ఞలు తడుముకోకుండా చెప్పినందుకు నాకు మొదటి బహుమతి వచ్చింది. దొరసానిగారు ఒకరోజు నన్ను వరండాలోకి పిలిచి, గొర్రెపిల్లను ఎత్తుకున్న కాపరి బొమ్మ కార్డు చేతిలో పెట్టింది. తల మీద చెయ్యి వేసి అడిగింది. "గ్రేసమ్మా, నీ తల్లి పిండి తీసికొనుచున్నదా?"

అబద్ధసాక్ష్యం చెప్పకూడదు. "అవునండి" అన్నాను.

"ఎన్నిమారులు?"

"ప్రతిసారీ అండి."

"ఎచ్చటికి తీసికొనిపోవును?"

అక్కడ నా నోరు ఆగిపోయింది. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. తల్లి మాట వినడం కూడా ఆజ్ఞే. చెప్పమన్న సగం చెప్పాను, దాచమన్న సగం దాచాను. తొమ్మిదేళ్ళ పిల్లకు రెండూ దేవుడి మాటలే.

దొరసానిగారు చెడ్డ మనిషి కాదు. ఆవిడ కేకలు వెయ్యలేదు. అమ్మను పిలిచి, కళ్ళల్లో నీళ్ళతో, "నీవు అడిగియుండిన నేను ఇచ్చియుందును" అంది. అమ్మ తల మీద ముసుగు సర్దుకుని నిలబడింది. పిండి ఎవరికిస్తోందో ఒక్క మాట చెప్తే చాలు. ఆ మాట చెప్తే దేవుడికిచ్చింది దేవుడికి కాకుండా పోతుందని ఆమె భయం. మూడో రోజున మా మంచం, రెండు బొచ్చెలు, బైబిలు బండెక్కాయి. ఆ తరవాత అమ్మ పొగాకు కంపెనీలో ఆకు వేరుచేసే పనికి వెళ్ళేది. ఆమె జుట్టులో మజ్జిగ వాసన పోయి ఘాటైన ఆకు వాసన వచ్చింది. కొన్నాళ్ళకు దగ్గు వచ్చింది. ఆ దగ్గుతోనే, నేను నర్సింగ్ చదువుతుండగా, పోయింది. భూస్థాపన అయ్యాక పాస్టరమ్మగారు మా ఇద్దర్నీ పక్కకు పిలిచి చెప్పింది. "మీ అమ్మ బియ్యం గంపలో పోసేది గానీ, మైదా మాత్రం విడిగా నా చేతికిచ్చేది. ఇది నాది కాదమ్మా, దొరసానిగారి ఇంటిది, ఆవిడ పేరున ప్రార్థన చెయ్యండి అనేది."

నన్ను ఎవరు అడిగారో, నేనేం చెప్పానో అమ్మకు తెలుసు. నన్ను ఒక్క మాట అనలేదు. కరుణకు మాత్రం తెలియదనుకున్నాను. తను ఏడేళ్ళది. కుటుంబ ప్రార్థనలో అమ్మను రోజూ అడిగేది. "నువ్వు ఎవరికిస్తున్నావో దేవుడు చూశాడు కదా? మరి దొరసానికి చెప్పొచ్చు కదా?"

"చెప్తాడు" అనేది అమ్మ.

అది నమ్మి కరుణ ఎదురుచూసింది. తరవాతి ఏడు దొరగారు, దొరసానిగారు వాళ్ళ దేశానికి తిరిగి వెళ్ళిపోయారు. వాళ్ళ కారు మా వీధి చివర్న వెళ్తుంటే అందరితో పాటు మేమూ నిలబడ్డాం. దొరసానిగారు మమ్మల్ని గుర్తుపట్టి చెయ్యి ఊపింది. కారు రేపిన దుమ్ము ఇంకా దిగకముందే కరుణ అడిగింది. "ఇంకెప్పుడు చెప్తాడు?" ఆ సాయంత్రం ప్రార్థనలో తను కళ్ళు మూసుకోలేదు. ఆ తరవాత ఎప్పుడూ మూసుకోలేదు. గుడికి వచ్చేది, పాటలు పాడేది, గొంతు బాగుండేది. ప్రార్థన అనగానే కళ్ళు తెరిచి కిటికీలోకి చూసేది. నేను యాభై ఏళ్ళకు పైగా ఆమె రక్షణ కోసం ఉపవాసాలున్నాను, కన్నీళ్ళు కార్చాను. ఆమె కళ్ళు తెరిపించింది నేనేనన్న మాట మాత్రం ఆమెతో ఎన్నడూ చెప్పలేదు.

ఎన్నిస్ వెళ్ళే దారంతా అదే అనుకున్నాను. ఈసారి చెప్పేయాలి. చెప్తే నన్ను అసహ్యించుకోవచ్చు. అసహ్యించుకోనీ. దేవుడి మీద కోపం తీసి నా మీద పెట్టుకుంటే, ఆయనతో ఒక్క మాట మాట్లాడే వీలు దొరుకుతుంది. ఆమెకు రోజులు తక్కువ. నాకు అదొక్కటే కావాలి, ఒక్క మాట.

కరుణ కూతురు షారన్ తలుపు తీసింది. ఇక్కడే పెరిగిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది, జవాబు ఈ ఊరి ఇంగ్లీషులో వస్తుంది. బేకింగ్ పౌడర్ ఎక్కడుందమ్మా అంటే, "ఇట్స్ ఇన్ ద ప్రెస్, పెద్దమ్మా, టాప్ షెల్ఫ్" అని అల్మారా చూపించింది. నేను చేస్తున్నదేమిటో చూసి, "స్కోన్స్ విత్ చికెన్? దట్స్ మెంటల్" అంది. వంటింట్లోకి సోఫా జరిపి, దిండ్లు పెట్టి, కరుణను కూర్చోబెట్టాం. దుప్పట్లో మనిషి ఉన్నట్టే లేదు. కళ్ళు మాత్రం అవే కళ్ళు.

మైదా గిన్నెలో పోశాను. వెన్న కోయబోతుంటే, "ఆగు. ఇప్పుడేం తీశావ్?" అంది.

చూసుకుంటే స్టీలు గ్లాసులో పిడికెడు పిండి. నా చెయ్యి తీసింది, నాకే తెలియలేదు.

"ఇంకా తీస్తున్నావా? ఇక్కడెక్కడ పోస్తావ్? మీ చర్చిలో కానుకలకి కార్డు మిషను పెట్టారన్నావ్ కదా. దానిమీద చల్లుతావా?"

"ఊరుకో."

"పిండిని అధికముగా పిసుకవద్దు, గ్రేసమ్మా. అది కఠినమగును."

గొంతు బొంగురుపోయింది గానీ దొరసానిగారే వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టుంది. ఇద్దరం నవ్వాం. తనకు నవ్వితే నొప్పి. నూనెలో ముక్కలు వేశాక పొగకు అలారం మోగడం మొదలుపెట్టింది. షారన్ కుర్చీ ఎక్కి తువాలుతో విసురుతుంటే కరుణ అంది. "అమ్మ వంటకి దొరసాని ఒక్కతే గంట కొట్టేది. నీ వంటకి ఇల్లంతా కొడుతోంది."

అలారం ఆగాక షారన్ మందులు తేవడానికి బయటికి వెళ్ళింది. ముక్కలు తీసి, మూకుడులో కాస్త నూనె మిగిల్చి, అందులో పిండి వేయించి పాలు పోశాను. తెల్ల పులుసును చిక్కబడేదాకా కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపినా, తల తిప్పినా గడ్డలు కడుతుంది. నా వీపు కరుణ వైపు ఉంది. అలా అయితేనే చెప్పగలిగాను.

"కరుణా, అమ్మ పిండి తీస్తోందని దొరసానికి చెప్పింది నేనే."

పాలు బుడగలు వేస్తున్నాయి.

"గడ్డ కడుతోంది, కలుపు" అంది. నేను కలిపాక, "నాకు తెలుసక్కా" అంది.

"ఎలా?"

"నీకు బొమ్మ కార్డు ఇస్తానని పిలిచిందిగా. నాకూ ఇస్తుందేమోనని వెనకే వచ్చా. వరండా స్తంభం పక్కనే ఉన్నా. ప్రతిసారీ అండి అన్నావ్."

నేను గరిటె పట్టుకుని ఏడుస్తున్నాను. ఇన్నేళ్ళూ నా మీద కోపం దాచుకున్నావా తల్లీ అని అడిగాను. ఆ కోపం నామీదే అయితే ఎంత బాగుండును అనిపించింది.

"నీ మీద కోపమెందుకక్కా? నీకు తొమ్మిదేళ్ళు" అంది. "ఆయనకెన్నేళ్ళు?"

నేను వాక్యం చదివినదాన్ని. ఎన్నో కూడికల్లో ఆడవాళ్ళకు సందేశాలిచ్చినదాన్ని. బైబిల్లో కరువులో కూడా పిండి తరగని విధవరాలి ఇంటి మీద ఎన్ని ప్రసంగాలు విన్నానో, నేనే ఎన్ని చెప్పానో లెక్కలేదు. మా ఇంట్లో తరిగింది. ఆ మాటకు నా దగ్గర ఒక్క వచనం దొరకలేదు. పొయ్యి కట్టేశాను.

బిస్కెట్ విప్పి, ముక్క పెట్టి, తెల్ల పులుసు పోసి, పళ్ళెం ఆమె ముఖం దగ్గర పట్టుకున్నాను. ఆవిరి పోయేదాకా ముక్కు అక్కడే ఉంచింది. చెంచా కొసతో ఒక్క చుక్క నాలుక మీద రాశాను. "మిరియాలు తక్కువ" అంది. తరవాత వేడి బిస్కెట్ ఒకటి అడిగి తీసుకుని, రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చుంది.

"కరుణా, ఒక్కసారి నాతో పాటు కళ్ళు ముయ్యి. నువ్వేం అనక్కర్లేదు" అన్నాను.

"నువ్వు చేసుకో అక్కా. నేను నిన్ను చూస్తా ఉంటా."

చేశాను. మధ్యలో ఆగలేక కళ్ళు తెరిచి చూశాను. తను నన్నే చూస్తోంది. కోపంగా కాదు. హోమ్‌లో ముసలివాళ్ళకు స్నానం చేయించేటప్పుడు కూడా అలాగే చూసేదట, అక్కడివాళ్ళు చెప్పారు.

తొమ్మిది రోజుల తరవాత పోయింది. చివరి గంటల్లో నేను ఆమె పెదవుల దగ్గర చెవి పెట్టి కూర్చున్నాను, ఒక్క నామమైనా వినబడుతుందేమోనని. ఊపిరి వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది, ఇక రాలేదు. మాట రాలేదు.

భూస్థాపన తరవాత పెట్టిన ఆదరణ కూడికకు మన తెలుగు కుటుంబాలు లిమరిక్ నుంచి కూడా వచ్చాయి. అందరి ముందు పాస్టరుగారు, నన్ను ఓదార్చాలనే, "అక్కగారూ, చెల్లెమ్మ చివర్లో ప్రార్థన చేసుకుందా?" అని అడిగారు. అవునంటే ఆ గది అంతా స్తోత్రం అనేది. షారన్‌కు ఆ మాట దొరికేది. నాకు అబద్ధసాక్ష్యం రాదు. "లేదయ్యగారూ" అన్నాను. గది చల్లబడిపోయింది. ఆయన, బతికున్నవాళ్ళు ఆలస్యం చేయకూడదని చెప్పి ముగించారు. షారన్ తల వంచుకుంది. మళ్ళీ అదే చేశాను. అడిగిన సగం చెప్పాను, ఆమె ఏమడిగిందో ఆ సగం చెప్పలేదు. అమ్మకు నేను చేసిందే చెల్లెలికీ చేశాను. దాచిన ఆ సగం ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు షారన్ ప్రెస్‌లోంచి స్టీలు గ్లాసు తీసింది. "పెద్దమ్మా, ఈ పిండి? విల్ ఐ బిన్ ఇట్?" పారెయ్యొద్దన్నాను. ములింగార్ తెచ్చుకున్నాను. పురుగు పట్టడం మొదలైంది. ఇక్కడ గుడిలో పిండి పోసే గంప లేదు. ఎవరి పేరున పొయ్యాలో కూడా తెలియదు. రాస్తున్న బల్ల మీదే ఉంది.

చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థించకూడదని మా సంఘం బోధ. దానికి లోబడ్డదాన్ని, అందుకని ఆమె ఆత్మ కోసం మిమ్మల్ని ప్రార్థించమనడం లేదు. నా ఓదార్పు కోసం కూడా వద్దు. ఇది చదివినవాళ్ళు ఒక్క నిమిషం నాతో కలిసి ఆగండి. కళ్ళు మూసుకోవడం మీ ఇష్టం, తెరిచి ఉంచినా పర్వాలేదు. నాతో పాటు ఈ ఒక్క మాట అనండి: తండ్రీ, ఎన్నిస్‌లో ఒక వంటింట్లో కరుణ నిన్ను ఒకటి అడిగింది. నీకు వినబడింది. మాకు కాదు, ఆమెకు జవాబు చెప్పు. ఆమేన్.